అడ్డపిడి

రూపనగుడి,
14 అక్టోబరు 2024

చిన్నాయనకు నమస్కారం చేసి సుమ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాము, అమ్మ మోకాలు తప్ప.

నిన్న ఫోన్ చేశాను. రుద్రమ్మ పిన్ని తీసింది. "మీ చిన్నాయన చెవుల్ని ఆ మైనింగు క్రషరు తినేసిందమ్మా. అరిచి అరిచి నా గొంతు పోతాండాది. చెప్పేది ఏమన్నా ఉంటే కాగితం మీద రాయి, చదువుతాడు" అన్నది. అందుకని రాస్తున్నాను. బడిలో సెలవు చీటీ తప్ప నేను ఉత్తరమన్నది రాసిన పాపాన పోలేదు. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

నాయన పోయి పద్దెనిమిది నెలలు. వడ్లంగడి మూసి వడ్రంగం మానేస్తానని అందరూ అనుకున్నారు. మూయలేదు, నేనే నడుపుతున్నాను. మొన్న ఆయుధపూజకు సామాన్లు కడగాలని అటక ఎక్కితే, సున్నం గోనెల వెనక మూరన్నర పొడుగు తోపడ ఒకటి కనబడింది. నాయన దాన్ని పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన చేతిలో కరెంటు మిషనే. కట్టె నారేపి అనుకుంటా, బండలాగా బరువుంది, చెదలు ముట్టలేదు. కానీ బ్లేడు లేదు. బ్లేడును బిగించే చీల లేదు. వెనక పిడి సగానికి విరిగింది. ముందు భాగంలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తుమ్మెద తొలిచిన బెజ్జం ఉంది.

దీన్ని మళ్లీ నడిపించాలి. ఎందుకో చెబుతాను. కాలువ పక్క క్యాంపులో సీతారామారావు గారు ఇల్లు కడుతున్నారు. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చినప్పుడు బండ్ల మీద తెచ్చుకున్న టేకు దూలాలు ఇంకా ఉన్నాయి. వాటితోనే సింహద్వారం చేయించాలని ఆయన పట్టు. మిషను పెడితే చెక్క మీద అలలు పడతాయట, చేత్తోనే చిత్రిక పట్టాలట. వాళ్ల మాటలో చిత్రిక అంటే మన తోపడే. బళ్లారి నుంచి వచ్చిన ఇద్దరు మిషన్లు చూపించి వెనక్కి పోయారు. నేను పోయి, చేస్తానన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, "నువ్వా అమ్మాయ్? మీ నాన్నగారుంటే వేరు సంగతి" అన్నారు. ఆయన భార్య ఝాన్సీలక్ష్మి గారు, "ముందు మూరెడు చెక్క చేసి చూపించనివ్వండి. బాగుంటే ఇద్దాం, లేకపోతే లేదు" అన్నారు. ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం ఫిబ్రవరి ఏడు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవి స్టూలు కాళ్లు, మంచం కోళ్లు, మేకల దొడ్డి తలుపులు. సింహద్వారం అనేసరికి "మీ ఇంట్లో మగోళ్లు ఎవరూ లేరా" అని అడిగి బళ్లారి బస్సెక్కుతారు. ఒక్క సింహద్వారం నా చేత్తో నిలబడితే నేను వడ్ల పంపన్న కూతురిగా కాదు, వడ్ల సుమగా బతుకుతాను. నాకు కావలసింది అదే.

నువ్వూ నాయనా కలిసి పనిచేసిన రోజులు నాకు గుర్తు లేవు, అప్పుడు నాకు నాలుగేళ్లు. బ్లేడు ఎంత వెడల్పు, చీల ఏ కట్టెతో చేయాలి, నీకు తెలుస్తుంది. రాసి పంపు.

నీ అన్న కూతురు,
సుమ


తారానగర్,
22 అక్టోబరు 2024

సుమకు ఓబులేష్ ఆశీర్వదించి రాసేది.

నీ జాబు అందింది. తపాలా ఆమె ఏదో కోర్టు కాగితం అనుకుని, నేను చింపేదాకా గడప దగ్గరే నిలబడింది. తెలుగులో రాసి మంచి పని చేశావు. కన్నడ చదవను వస్తుంది గానీ, చదువుతుంటే ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడినట్టు ఉంటుంది.

సూటిగా ఒకటి అడుగుతాను. హొసపేట వైపు హోటళ్లవాళ్లు పాత సామాన్లు కొని గోడలకు తగిలిస్తున్నారు. మా ఊరికీ ఒకడు వచ్చి నాగళ్లు, బండి చక్రాలు ఎత్తుకుపోయాడు. తోపడకు మెరుగుపెట్టి వాళ్లకు ఇచ్చే ఆలోచనైతే ఇచ్చుకో, నన్ను అడగాల్సిన పని లేదు. దానికి సింహద్వారం అని కథ అల్లొద్దు.

నిజంగా పనికే అయితే, నా మాట విని దాన్ని అటక మీదే పెట్టు. అది నీ ఒక్కదానితో అయ్యే పని కాదు.

వదినను అడిగానని చెప్పు. మోకాలికి ఆముదపాకు వేడి చేసి కట్టమను.

ఓబులేష్

మళ్లీ రాసేది: బ్లేడు వెడల్పు రెండుంబావు అంగుళాలు. లారీ కమాను పట్టీ తెచ్చి కొట్టించాలి, పలచటిది పెడితే అదురుతుంది. చీల తుమ్మకట్టెతో చేయాలి, టేకుతో వద్దు. గుర్తొచ్చింది కాబట్టి రాశాను, అంతే.


రూపనగుడి,
5 నవంబరు 2024

చిన్నాయనా,

కోపంగా ఉన్నాను, చల్లారకముందే రాస్తున్నాను. నీ ఒక్కదానితో కాదు అని నువ్వు కూడా రాస్తివి. ఊళ్లో ఆ మాట రోజూ వింటున్నాను. దాన్ని తపాలా ఖర్చు పెట్టి తారానగర్ నుంచి తెప్పించుకోవాలా నేను? గోడకు తగిలించే పనైతే సున్నం కడిగి వార్నిష్ కొట్టి ఎప్పుడో ఇచ్చేసేదాన్ని. బ్లేడు కోసం కప్పగల్లుకు ఎందుకు తిరుగుతాను?

మూడుసార్లు తిరిగాను. అక్కడి కమ్మరి కెంచప్ప దగ్గర లారీ పట్టీ ముక్క ఉంది. "ఇంత మందం బ్లేడు నీకేంటికి పాపా? వంట చేసే చేయి గదా" అన్నాడు. "వంట మా అమ్మ చేస్తాది, నువ్వు కాల్చప్పా" అన్నాను. నవ్వి, కాల్చి కొట్టి, అంచు దీసి ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లలో ముంచాడు. టిక్‌మని చప్పుడొచ్చింది. బయటికి తీస్తే నడిమధ్య వెంట్రుకంత చీలిక. "నీ పట్టీ మంచిది కాదు" అంటాడు. పట్టీ అతనిదే.

రెండోది కొట్టించడానికి మళ్లీ పోతాను. అది కూడా చీలితే మూడోది. నువ్వు రాసినా రాయకపోయినా ఈ పని ఆగదు. రాస్తే తొందరగా అవుతుంది.

సుమ

అమ్మ ఆముదపాకు కట్టుకుంది. తగ్గిందట. నీకు చెప్పమన్నది.


తారానగర్,
13 నవంబరు 2024

సుమకు,

గోడకు తగిలించేదానికి ఎవరూ బ్లేడు విరగ్గొట్టుకోరు. నమ్మాను. ముందు రాసిన మాట మర్చిపో.

తప్పు పట్టీది కాదు, నీళ్లది. కమాను ఇనుమును నీళ్లలో ముంచితే బిత్తరపోయి పగులుతుంది. ఆముదం కాచి గోరువెచ్చగా పెట్టుకుని అందులో ముంచమను. పైకి తీశాక గాజులాగా పెళుసుగా ఉంటుంది, అట్లే వాడొద్దు. అంచును తోమి తెల్లగా చేసి, సన్నటి సెగ మీద వెనక నుంచి వేడెక్కించాలి. ఎండుగడ్డి రంగు అంచుదాకా పాకుతుంది. పాకిన క్షణమే తీసేయాలి. నీలం తిరిగిందంటే మెత్తబడినట్టు, మళ్లీ మొదటికొచ్చినట్టు. కెంచప్పకు నా పేరు చెప్పు. ఓబులేష్ చూడమన్నాడంటే చూస్తాడు.

చీల ఊరికే దిగగొడితే పట్టదు. దానికి దీపం మసి పూసి లోపల పెట్టి తీయి. తోపడ గోడకు ఎక్కడ మసి అంటిందో అక్కడే తగులుతున్నట్టు. తగిలిన చోట చీలను గీకు, మళ్లీ పూయి. రెండు పక్కలా నిండుగా మసి అంటేదాకా చేయాలి. నాకు ఒకసారి రెండు రోజులు పట్టింది. విసుక్కోవద్దు.

ఆడదానివని నేను అనలేదు. నేను రాసింది అది కాదు. మిగతాది పని చేస్తే నీకే తెలుస్తుంది.

ఓబులేష్


రూపనగుడి,
4 డిసెంబరు 2024

చిన్నాయనా, కూర్చుని చదువు, పెద్ద ఉత్తరం.

పని నాకు దొరికింది.

మొదటి నుంచి చెబుతాను. నీ పేరు చెప్పగానే కెంచప్ప గాలితిత్తి ఆపేశాడు. "ఓబులేషా? ఇంకా ఉండాడా ఆయప్ప? యాడుండాడు?" అని నూరు ప్రశ్నలు. ఆముదం వాసనకు అంగడంతా దగ్గాము. గడ్డి రంగు పాకేటప్పుడు కెంచప్ప ఊపిరి బిగబట్టడం చూశాను, నేనూ బిగబట్టాను. బ్లేడు నిలిచింది. అరవై ఏళ్ల నుంచి కొడుతున్నాడంట, "పాపా, ఈ నూనె సంగతి ముందే చెప్పకూడదా" అని నామీదే నెపం.

చీలకు మసి పూయలేదు. ఆయుధపూజ కుంకుమ మిగిలితే అది పూశాను. అమ్మ చూసి, "దేవుని కుంకుమ కట్టెకు పూస్తావా" అని అరిచింది. "ఇది కట్టె కాదు, ఆయుధం" అన్నాను. తర్వాత తనే పొట్లం తెచ్చి పక్కన పెట్టింది. నీకు రెండు రోజులు పట్టింది కదా, నాకు నాలుగు. ఆఖరుకు రెండు పక్కలా ఎర్రగా అంటింది. ఇప్పుడు బ్లేడును రెండు చేతులా గుంజినా కదలదు.

తోపడ అడుగు మధ్యలో గుంట పడి ఉంది. బండ మీద ఉప్పుకాగితం పరిచి, అడుగంతా పెన్సిలు గీతలు గీసి, గీతలన్నీ పోయేదాకా రుద్దాను. భుజాలు పోయాయి. వెనక పిడి కొత్తది చెక్కాను, నా చేతికి సరిపడేటట్టు. ముందున్న తుమ్మెద బెజ్జం చూడను అసహ్యంగా ఉంటే, నారేపి ముక్కే వెతికి తెచ్చి, గుండ్రంగా చేసి, జిగురు పెట్టి దిగగొట్టి నున్నగా చేశాను. ఇప్పుడు అక్కడ బెజ్జం ఉండేదని ఎవరికీ తెలియదు. అన్నిట్లోకీ నాకు బాగా కుదిరిన పని అదే.

మూరెడు టేకు ముక్కకు తోపడ పట్టి సీతారామారావు గారికి ఇచ్చాను. ఆయన బొటనవేలితో నిమిరి, చెంపకు ఆనించుకున్నారు. ఝాన్సీలక్ష్మి గారు, "ఇంకేం చూస్తారండీ, దూలాలు దింపించండి" అన్నారు. ఎల్లుండి ట్రాక్టరులో వస్తాయి.

నీ ఒక్కదానితో కాదు అన్నావు కదా. అయింది చూడు.

సుమ


తారానగర్,
11 డిసెంబరు 2024

సుమకు,

బెజ్జం మూసేశానని రాశావు. తుమ్మెద అని రాశావు.

ఆ తుమ్మెదను నేనే. పందొమ్మిదేళ్లు ఆ బెజ్జంలో అడ్డపిడి వేసుకుని, మీ నాయన ఎదురుగా నిలబడి, ఆ తోపడను లాగాను. అది ఇద్దరు నడిపే తోపడ. ఒకరు తోయాలి, ఒకరు లాగాలి. ఒక్కదానితో కాదు అని నేను రాసింది దాని గురించి. నువ్వు ఇంకేదో చదువుకున్నావు.

అక్కడ బెజ్జం ఉండేదని ఎవరికీ తెలియదని గొప్పగా రాశావు. నిజమే. మీ నాయన ఉన్నప్పుడూ తెలియదు.

పని దొరికింది కదా, చేసుకో. నాకు రాయొద్దు.

ఓబులేష్


రూపనగుడి,
20 డిసెంబరు 2024

చిన్నాయనా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చదవకుండా చించుతావేమో తెలియదు. చించినా ఇంకోటి రాస్తాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. పొయ్యి ఆర్పేసి వచ్చి కూర్చుంది. "నేను నీకు చెప్పి ఉండాల్సింది" అన్నది. "వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడేవాళ్లు. మీ నాయన తోస్తాండె, ఆయప్ప లాగుతాండె. మాటల్లేవు, ఏమీ లేవు. ఆ పొట్టు చూడాలి, ఏడడుగుల పొడుగు తెగకుండా వస్తాండె. నేను చుట్టలు చుట్టి పొయ్యిలో పెట్టుకుంటాంటి. ఒకరోజు కప్పగల్లు పని నుంచి వచ్చి ఓబులేషు అడ్డపిడి ఊడదీసుకుని పోయినాడు. ఏమాయెనని ఎన్నిసార్లు అడిగినా మీ నాయన చెప్పలే. మైనింగులో జీతం ఎక్కువంట అన్నాడు. ఆ రోజే బ్లేడు తీసి బావిలో పారేసినాడు. తోపడను అటకెక్కించినాడు." ఇంట్లో ఇంత ఉందని నాకు ఇరవై ఆరేళ్లకు తెలిసింది.

ఈరోజు పొద్దున ఆ బెజ్జం మళ్లీ తెరిచాను. నేనే అంత గట్టిగా దిగగొట్టాను కదా, రావడానికి మూడు గంటలు పట్టింది. ఉలితో కొంచెం కొంచెంగా తీశాను, అంచులు ఎక్కడా విరగలేదు. లోపల నున్నగా, నల్లగా మెరుస్తూ ఉంది. ఏ తుమ్మెదా అట్లా తొలవదు. ముందే వేలు పెట్టి చూసి ఉంటే తెలిసేది. తప్పు నాది, క్షమించు.

కప్పగల్లులో ఏం జరిగింది?

సుమ


తారానగర్,
2 జనవరి 2025

సుమకు,

వదినకు తెలియదు. నువ్వు అడిగావు కాబట్టి, రాయకపోతే నువ్వు ఏదేదో ఊహించుకుంటావు, అది అన్న మీద అబద్ధం మోపినట్టు అవుతుంది కాబట్టి, రాస్తున్నాను.

ద్వారబంధం నిలబెట్టేటప్పుడు ఇంటాయన తట్టలో పంచె, తువ్వాలు, తాంబూలం పెట్టి వడ్లాయనకు ఇస్తాడు. మన పెద్దల కాలం నుంచి తట్ట తోసేవాడికే. బ్లేడు ఎంత దిగాలి, ఎక్కడ ఆపాలి, అదంతా తోసేవాడి తీర్మానం, అందుకని. లాగేవాడు తోడు. నేను ఎప్పుడూ తట్ట అడగలేదు. కానీ తట్ట తీసుకున్నాక అన్న వెనక్కి తిరిగి, "ఓబులేషూ, రారా" అనేవాడు. ఇద్దరం కలిసి గడప మీద చేయిపెట్టి మొక్కేవాళ్లం. పందొమ్మిదేళ్లలో ఒక్క ఇంటికి కూడా అది తప్పలేదు.

2002లో కప్పగల్లులో పెద్దింటి పని. టేకు, నాలుగు రెక్కల తలుపు. నా అరచేతుల్లో చర్మం లేదు. ఫోటోలు తీసేవాణ్ణి పిలిపించారు. తట్ట ఇచ్చాక నేను అన్న వైపు ఒక అడుగు వేశాను. ఆ ఇంటి అల్లుడెవడో, "ఆ కూలోణ్ణి పక్కకు జరగమనప్పా, ఫోటోలో పడతాండాడు" అన్నాడు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. అన్న చెవులూ బాగానే ఉన్నాయి. అన్న పిలవలేదు. తట్ట పట్టుకుని ఫోటోకు నిలబడ్డాడు.

ఇంటికొచ్చి అడ్డపిడి ఊడదీసుకున్నాను. బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను, అన్న వస్తాడేమోనని. మూడోది ఎక్కాను. బ్లేడు బావిలో పారేశాడని ఇప్పుడు నీ ఉత్తరంలోనే తెలిసింది.

నీ తప్పు ఏమీ లేదు. అన్న తప్పు నువ్వు మోయొద్దు. బెజ్జం తెరిచావు, అంతే చాలు.

ఓబులేష్


రూపనగుడి,
11 జనవరి 2025

చిన్నాయనా,

ముహూర్తానికి ఇంకా ఇరవై ఏడు రోజులు. దూలాలు కోయించాను. నిలువు చెక్కలు రెండు, ఒక్కొక్కటి ఏడడుగులు. మూరెడు ముక్కను ఒక్కదాన్నే పట్టాను కదా అని మొదలుపెట్టాను. మూడడుగులు పోయేసరికి నా చేయి అందదు, కాళ్లు కదిపితే తోపడ ఎగురుతుంది, ఎగిరిన చోట చెక్క మీద మెట్టు పడుతుంది. మెట్టు తీయబోతే ఇంకో మెట్టు. నాలుగు రోజుల్లో నూలు మందం చెక్క తినేశాను, నున్నగా అయింది లేదు.

పక్కంగడి యోగేశ్‌ను లాగమన్నాను, కరెంటు పని చేసే అబ్బాయి, బలంగా ఉంటాడు. నేను తోయకముందే లాగుతాడు. ఒక చోట టేకు పొర లేచిపోయింది. దండం పెట్టి పంపించాను. మిషను పెట్టి తర్వాత ఉప్పుకాగితంతో రుద్దితే సీతారామారావు గారికి తెలియకపోవచ్చు. నాకు తెలుస్తుంది. పెట్టను.

నువ్వు రావాలి. పిలవడానికి ముందు ఒక మాట చెప్పాలి, దాచి పిలిస్తే అది నాయన చేసినట్టే అవుతుంది. నిన్ను పిలవాలంటే నాకు భయం. నువ్వు వచ్చి నిలబడితే ఊరికి నువ్వే వడ్లాయనవు, నేను సామాన్లు అందించేదాన్ని. "చిన్నాయన వచ్చి గట్టెక్కించినాడు" అంటారు. ఇన్ని నెలలు నేను పడ్డదంతా ఆ ఒక్క మాటతో పోతుంది. వారం నుంచి ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

అయినా పిలుస్తున్నాను. పేరు ఎవరికి వస్తుందో వచ్చినప్పుడు చూసుకుంటాను. ముందు చెక్క నున్నగా కావాలి. నువ్వు లేకుండా కాదు.

సుమ


తారానగర్,
18 జనవరి 2025

సుమకు,

ఇరవై ఏడో తేదీ సోమవారం మధ్యాహ్నం బస్సుకు వస్తాను. భయమని రాశావు చూడు, అందుకే వస్తున్నాను. నీతి మాటలు రాసి ఉంటే వచ్చేవాణ్ణి కాదు.

అడ్డపిడి నా ట్రంకులో ఉంది. తోసేది నువ్వు. నేను లాగుతాను, అంతకుమించి నోరెత్తను. ఎక్కడ ఆపాలో నువ్వే ఆపు. చెవుల గురించి బెంగ వద్దు, తోసేవాళ్ల మనసు ఏమిటో కట్టె పట్టుకుంటే తెలుస్తుంది.

అప్పటిదాకా ఆ చెక్కల జోలికి పోవద్దు. పొర లేచిన చోట తడిబట్ట వేసి ఉంచు. బ్లేడు నూరి పెట్టుకో, చేతి మీద వెంట్రుకలు దిగాలి. రుద్రమ్మ ఊరగాయ పంపుతానంటోంది, ఏది కావాలో వదినను అడిగి రాయి.

చిన్నాయన


రూపనగుడి,
9 ఫిబ్రవరి 2025

చిన్నాయనా,

నువ్వు భోంచేయకుండా రెండు గంటల బస్సెక్కి పోయావు. అమ్మ ఇంకా తిడుతోంది. అడ్డపిడి తోపడలోనే వదిలి పోయావు. కావాలనే వదిలావో మర్చిపోయావో రాయి.

పదకొండు రోజులు ఎదురెదురుగా నిలబడ్డాము. మొదటి రోజు మన ఇద్దరికీ తిక్క రేగింది. మూడో రోజు నుంచి నేను తోస్తున్నానా నువ్వు లాగుతున్నావా నాకే తెలియలేదు. అమ్మ పొట్టు చుట్టలు చుట్టుకుంటూ కళ్లు తుడుచుకుంది. అదంతా నువ్వూ చూశావు. ముహూర్తం రోజు అక్కడ అందరూ ఏమన్నారో మాత్రం నీకు తెలియదు, అందుకని రాస్తున్నాను.

సీతారామారావు గారు తట్ట తెచ్చి నేరుగా నీ ముందుకు వచ్చారు. "ఓబులేష్ గారూ, మీ అన్నగారి చేతి పని మళ్లీ చూపించారండీ" అన్నారు. నేను భయపడింది అదే. అనుకున్నట్టే అయింది, పోనీలే అని తల దించుకున్నాను. అప్పుడు నువ్వు అన్నావు. ఎంత గట్టిగా అన్నావో నీకు తెలియదు, గేటు బయట ట్రాక్టరు డ్రైవరు కూడా తొంగి చూశాడు. "తోసింది ఆయమ్మ. నేను లాగినోణ్ణి. ఈ ఇంటికి వడ్ల ఆయమ్మే. తట్ట ఆమెకియ్యండి" అన్నావు.

సీతారామారావు గారు తడబడ్డారు. "అయ్యో, ఇందులో పంచె పెట్టించానే" అన్నారు. ఝాన్సీలక్ష్మి గారు చీరకోసం లోపలికి పోబోతే, "పంచే ఇవ్వండమ్మా, వడ్లోళ్లకు ఇచ్చేది అదే కదా" అన్నాను. అందరూ నవ్వారు. మేస్త్రీ కెమెరా ముందుకు నన్ను రమ్మని, "వడ్లమ్మా, ఈ పక్కకు రా" అన్నాడు. వడ్లమ్మా అన్నాడు, చిన్నాయనా.

తర్వాత మేస్త్రీ సిమెంటు వేసేటప్పుడు ద్వారబంధం నేను పట్టుకోవాల్సి వచ్చింది. తల తిప్పితే నువ్వు గేటు వైపు పోతున్నావు. గడప మీద మొక్కడానికి నిన్ను పిలిచాను. "చిన్నాయనా, రా" అని మూడుసార్లు పిలిచాను. చేతులు వదిలితే చట్రం వాలిపోతుంది, పరిగెత్తి రాలేను. నీకు వినపడలేదు. నువ్వు పోతూనే ఉన్నావు. ఇరవై రెండేళ్ల కింద నాయన పిలవలేదు, నేను పిలిస్తే నీకు అందలేదు. కాబట్టి కాగితం మీద రాస్తున్నాను, నేను పిలిచాను.

నీ మనసు ఎంత దొడ్డదో నాకు మాటల్లో రాయను రాదు. చేతిదాకా వచ్చిన తట్టను ఎవరిస్తారు? దేవుడిలాంటి మనిషివి నువ్వు.

కప్పగల్లు నుంచి కెంచప్ప మేనకోడలు కరియమ్మ వచ్చింది. వాళ్లకు సింహద్వారం కావాలట. "నువ్వు తోసి, మీ చిన్నాయన లాగితేనే" అన్నది. ఏప్రిల్లో పని. వస్తావా?

సుమ


తారానగర్,
17 ఫిబ్రవరి 2025

సుమకు,

నీ ఉత్తరం చదివాను. పిలిచానని రాసిన చోటు మళ్లీ మళ్లీ చదివాను. గేటు దాటేటప్పుడు ఒకసారి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. తిరిగి చూస్తే ఎవరూ పిలుస్తూ ఉండకపోతే ఎట్లా అని భయం. తప్పు నాది, ఈసారి తిరిగి చూస్తాను. అడ్డపిడి కావాలనే వదిలాను.

దేవుడని రాశావు. అది కొట్టేయి. నీకు నిజం తెలియాలి.

తట్ట నా ముందుకు వచ్చినప్పుడు నేను తీసుకున్నాను. నువ్వు తల దించుకుని ఉన్నావు, చూడలేదు. రెండు చేతులా పట్టుకున్నాను, ఆయన వదిలేశాడు కూడా. పంచెకు ఎర్రంచు. తట్ట నేనెప్పుడూ అడగలేదని నీకు రాశాను చూడు, నోటితో అడగలేదు, అంతవరకే నిజం. పందొమ్మిదేళ్లు దానికోసమే చూశానని, చేతుల్లోకి వచ్చాక తెలిసింది. ఇచ్చేయాలని నాకు లేదు. అట్లే పట్టుకుని బస్సెక్కి రుద్రమ్మకు చూపించాలని ఉంది.

అప్పుడు నీ కాళ్లు చూశాను. ముందుకు ఒక అడుగు వేశావు, మళ్లీ వెనక్కి తీసుకున్నావు. ఆ అడుగు నాకు తెలుసు. అందుకని తట్ట మళ్లీ ఆయన చేతుల్లో పెట్టి ఆ మాట చెప్పాను. ఆ ఒక్కటి నా కంట పడకపోతే చెప్పేవాణ్ణి కాదు. సిగ్గుతో అన్నం కూడా తినలేక వచ్చేశాను.

ఏప్రిల్లో వస్తాను. పని చూసుకుందాం. కానీ తట్ట దగ్గర నన్ను నమ్ముకోవద్దు, ఇంకెవరినీ నమ్ముకోవద్దు. ఎవరు ఇస్తారా అని చూస్తూ నిలబడొద్దు. వేసిన అడుగు వెనక్కి తీసుకోవద్దు. మేస్త్రీ చేతిలో ఉన్నా పోయి తీసుకో. నా చేతిలో ఉంటే గుంజుకో. గట్టిగా పట్టుకుంటాను, ముందే చెబుతున్నా. అయినా గుంజుకో.

చిన్నాయన